పీక్ నుంచి లఫ్స్ దాకా: ఇంటి రికార్డింగుల్లో సౌండు సమంగా ఎందుకు ఉండదు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంట్లోనే ఒక గదిని స్టూడియోగా మార్చుకుని, ఉత్తరాంధ్ర జానపదాలను రికార్డు చేసి యూట్యూబులో పెట్టేవారు కొన్నేళ్లుగా బాగా పెరిగారు. లాప్‌టాప్, చిన్న ఆడియో ఇంటర్‌ఫేసు, కండెన్సర్ మైకు ఉంటే పని నడుస్తుంది. పాట బయటికి వచ్చాక మాత్రం వీరిలో చాలామందికి ఒకే ఫిర్యాదు ఎదురవుతుంది. పాడించుకున్నవారు ఫోనులో విని, "ఏటి బాబూ, పక్కోల పాట ఇనబడినంత మనది ఇనబడతనేదు" అంటారు. అదే గదిలో, అదే మైకుతో చేసిన నాలుగు పాటల్లోనే ఒకటి మోగిపోతుంది, మరొకటి నీరసంగా ఉంటుంది. పరికరాలు చవకవి కాబట్టి ఇలా అవుతోందని చాలామంది అనుకుంటారు గానీ, అసలు కారణం సౌండును కొలిచే పద్ధతిలో ఉంది. ఆ పద్ధతి గురించి సంగీత పరిశ్రమే దాదాపు 30 ఏళ్లపాటు తికమకపడింది.

1919లో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షుడిగా విజయనగరంలో సంగీత కళాశాల మొదలైన కాలానికి రికార్డింగు అంటే గ్రామఫోను ప్లేటే. అక్కడే ఆచార్యుడిగా చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడి వయొలిన్ తర్వాత దేశమంతటికీ చేరింది ఆ ప్లేట్ల ద్వారానే. ప్లేటు మీద సౌండు ఎంత పెంచితే గాడి అంత వెడల్పుగా ఊగుతుంది, ఆ మేరకు ఒక వైపు పట్టే నిడివి తగ్గిపోతుంది, మరీ పెంచితే సూది గాడి తప్పుతుంది. అంటే అత్యాశకు ఆ వస్తువే అడ్డుకట్ట వేసేది. 1939లో అమెరికాలో బెల్ ల్యాబ్స్, రేడియో సంస్థలు కలిసి సౌండు స్థాయిని చూపే వీయూ మీటరును రూపొందించాయి. దాని ముల్లు పూర్తిగా కదలడానికి సుమారు 300 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, క్షణికమైన దెబ్బలను పట్టించుకోకుండా సగటు బలాన్ని చూపిస్తుంది. చెవి వినే తీరుకు అది పూర్తిగా సరిపోకపోయినా, దగ్గరగానే ఉండేది.

1982లో సీడీ రావడంతో ఈ లెక్క తారుమారైంది. డిజిటల్‌లో సున్నా డెసిబెల్ అన్నది దాటలేని పైకప్పు, దాటితే శబ్దం తెగి పగులుతుంది. అందుకని అందరి చూపూ పీక్ మీద, అంటే తరంగం అందుకున్న అత్యున్నత బిందువు మీద పడింది. పీక్ ఎంత ఉందో దాన్నిబట్టి పాట ఎంత గట్టిగా వినబడుతుందో చెప్పలేం. ఈ సంగతి అర్థం కావడానికి మన జిల్లాల్లోని రెండు కళలే చాలు. తప్పెటగుళ్లలో ఛాతీకి కట్టుకున్న రేకు తప్పెట మీద పడే ఒక్కో దెబ్బ కొన్ని మిల్లీసెకన్లలోనే పైకప్పును తాకి పడిపోతుంది, గొంతు దానికి ఎంతో కింద ఉంటుంది. జముకుల కథలో తీగను బిగిస్తూ సడలిస్తూ మీటినప్పుడు వచ్చే నాదం అంతకంటే నిండుగా సాగుతుంది, గొంతుకూ వాద్యానికీ మధ్య ఎడం తక్కువ. ఈ రెండు రికార్డింగులనూ పీక్ మైనస్ 1 డెసిబెల్‌కు తెచ్చి పక్కపక్కన వినిపిస్తే, జముకు పాట బలంగా, తప్పెటగుళ్ల పాట పల్చగా వినబడుతుంది. మీటరు మాత్రం రెండూ సమానమే అంటుంది.

ఈ ఎడాన్ని మూయడానికి పరిశ్రమ పట్టుకున్న ఆయుధం లిమిటర్. 1994లో వేవ్స్ సంస్థ తెచ్చిన ఎల్1 అనే సాఫ్ట్‌వేరు లిమిటర్, వచ్చే దెబ్బను కాస్త ముందుగానే చూసి, శిఖరాలను అణిచి, మిగిలినదంతా పైకి లేపడాన్ని కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతివారికీ సులువు చేసింది. రెండు పాటల మధ్య అర డెసిబెలు తేడా ఉన్నా, గట్టిగా ఉన్నదే బాగుందని చెవి తీర్పు చెబుతుంది. పక్క కంపెనీ సీడీ కంటే తమది ఒక మెట్టు పైన ఉండాలన్న పోటీ అలా ముదిరి లౌడ్‌నెస్ వార్ అనే పేరు తెచ్చుకుంది. 2008లో మెటాలికా బృందం ఆల్బం 'డెత్ మ్యాగ్నెటిక్' వచ్చినప్పుడు ఆ పోటీ శ్రోతలకే కనబడిపోయింది. అవే పాటలు ఒక వీడియో గేములో అంతగా నలగకుండా ఉండడంతో, అభిమానులు రెండింటినీ పోల్చి చూసి సీడీ పగిలినట్టుందని బహిరంగంగా నిరసన తెలిపారు.

దారి మళ్లించింది సంగీతం వాళ్లు కాదు, టీవీ వాళ్లు. వాణిజ్య ప్రకటనలు సీరియల్ కంటే గట్టిగా మోగుతున్నాయన్న ఫిర్యాదులు ఆ రంగాన్ని ఒక ఉమ్మడి కొలమానం కోసం వెతికించాయి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో బీఎస్.1770 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. అది కింది పౌనఃపున్యాలను కొంత తగ్గించి, పై వాటిని కొంత పెంచి, చెవి తీరుకు దగ్గరగా సగటు బలాన్ని లెక్కిస్తుంది. ఆ లెక్క ఫలితాన్నే లఫ్స్ అనే యూనిట్లలో చెబుతారు. ఇది సున్నాకు ఎంత కింద ఉందో చెప్పే మైనస్ అంకె, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ పాట గట్టిగా ఉన్నట్టు. 2010లో యూరప్ ప్రసార సంస్థల కూటమి ఆర్128 పేరుతో మైనస్ 23 లఫ్స్‌ను లక్ష్యంగా పెట్టుకుంది. అదే ఏడాది అమెరికా ప్రకటనల మోతపై చట్టం చేసి 2012 చివర్లో అమల్లోకి తెచ్చింది. కంప్యూటర్లలో పాటలు వినేవారి కోసం 2001లోనే డేవిడ్ రాబిన్సన్ పాటల స్థాయిని సమం చేసే రీప్లేగెయిన్‌ను ప్రతిపాదించాడు, మరుసటి ఏడాది ఐట్యూన్స్‌లో అదే పని చేసే సౌండ్ చెక్ వచ్చింది. అవి శ్రద్ధగల కొద్దిమందికే పరిమితమయ్యాయి.

స్ట్రీమింగుతో ఆ పని వేదికల చేతికి వెళ్లింది. స్పాటిఫై, యూట్యూబు మైనస్ 14 లఫ్స్ దగ్గర, యాపిల్ మ్యూజిక్ మైనస్ 16 దగ్గర పాటలను సర్దుతాయి. కంప్యూటరులో యూట్యూబు వీడియో మీద కుడి క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరిస్తే ఈ సర్దుబాటు కళ్లకు కనబడుతుంది. కంటెంట్ లౌడ్‌నెస్ 6 డెసిబెల్ అని ఉంటే, వాల్యూమును 50 శాతానికి తగ్గించి వినిపిస్తున్నారని అర్థం. అంటే లిమిటర్‌తో కష్టపడి పెంచిన 6 డెసిబెళ్లూ శ్రోతను చేరకముందే పోయాయి, నలిగిన తప్పెట దెబ్బ మాత్రం నలిగినట్టే మిగిలింది. గదిలో తిరిగిన సీలింగు ఫ్యాను హోరు కూడా అంతే: గొంతుతోపాటు లిమిటర్ దాన్నీ పైకి లేపింది, వేదిక రెండింటినీ కలిపి దించింది, గొంతుకూ ఫ్యానుకూ మధ్య పోయిన ఎడం తిరిగి రాలేదు. మరోవైపు, మైనస్ 14 కంటే తక్కువగా ఉన్న పాటను యూట్యూబు పైకి లేపదు. "మనది ఇనబడతనేదు" అన్న ఫిర్యాదులో ఎక్కువ భాగం ఇక్కడిదే.

ఇంటి స్టూడియోల్లో విరివిగా వాడే ఉచిత సాఫ్ట్‌వేరు ఆడాసిటీలో నార్మలైజ్, లౌడ్‌నెస్ నార్మలైజేషన్ అని రెండు వేర్వేరు ఆదేశాలున్నాయి. మొదటిది పీక్‌ను చూస్తుంది, కాబట్టి సీడీ కాలపు తికమకను యథాతథంగా మోసుకొస్తుంది. రెండోది లఫ్స్‌ను చూస్తుంది, కానీ అందులో ముందుగా పెట్టి ఉండే అంకె మైనస్ 23, అంటే యూరప్ టీవీ కోసం కుదుర్చుకున్నది. దాన్ని మార్చకుండా పాట ఎక్కిస్తే పక్కవారి పాట కంటే 9 డెసిబెళ్లు కింద ఉంటుంది. పైగా ఎంపీ3గానో ఏఏసీగానో మార్చేటప్పుడు శిఖరాలు కాస్త పెరుగుతాయి కాబట్టి, ట్రూ పీక్, అంటే డిజిటల్ శాంపిళ్ల మధ్య వచ్చే శిఖరాలనూ కలిపి లెక్కించిన పీక్, మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూడటం ఆనవాయితీ అయింది.

అయితే లఫ్స్ అంకె కుదిరితే పని అయిపోయినట్టే అనుకోవడమూ పొరపాటే. అది పాట మొత్తానికి ఒక్క సగటు. మరీ నెమ్మదిగా ఉన్న భాగాలను, అంటే సగటు కంటే 10 యూనిట్లకు పైగా కింద ఉన్నవాటిని లెక్కలోంచి తీసేస్తుంది. గంటసేపు సాగే జముకుల కథలో పాట భాగాలు అంకెను నిర్ణయిస్తాయి, మధ్యలో కథకుడు చెప్పే వచనం వినబడకపోయినా మీటరు ఏమీ అనదు. అక్కడ ముందుగా గొంతు స్థాయినే చేత్తో పైకీ కిందికీ సర్ది, ఆ తర్వాతే హెచ్చుతగ్గుల తేడాను తగ్గించే కంప్రెసర్ దగ్గరికి వెళ్లాలి. నాలుగైదు పాటలను ఒక వరుసగా విడుదల చేసేటప్పుడూ, ప్రతి పాటనూ ఒకే అంకెకు లాగడం కంటే, గాయకుడి గొంతు అన్నింటిలో ఒకే ఎత్తున వినబడేలా చూడటమే మేలని నా అభిప్రాయం. జోలపాట, తప్పెటగుళ్ల పాట ఒకే మైనస్ 14 దగ్గర ఉంటే జోలపాటే కేక వేసినట్టుంటుంది.

ఈ సర్దుబాటు చేరని చోటు ఒకటి మన దగ్గర ఉంది. పైడితల్లి సిరిమానోత్సవం నాడో, ఊరి అమ్మవారి పండగకో ట్రాక్టరు మీద కట్టిన డీజే బాక్సుల్లో మోగే పాట పెన్‌డ్రైవు నుంచి నేరుగా వస్తుంది, మధ్యలో ఏ వేదికా దాని స్థాయిని సరిచేయదు. అక్కడ పక్క పాట కంటే తగ్గితే ఆపరేటరు చెయ్యి మిక్సరు మీదికి పోతుంది, లేదంటే పాటే మారిపోతుంది. గట్టిగా చేయమన్న ఒత్తిడి ఇంటి స్టూడియోల మీద ఇంకా తగ్గకపోవడానికి ఇదీ ఒక కారణం. అందుకని యూట్యూబుకు ఒక మాస్టర్ (విడుదలకు సిద్ధం చేసిన తుది ఫైలు), పెన్‌డ్రైవుకు మరింత బిగించిన మరొక మాస్టర్ విడివిడిగా తీసి, ఫైలు పేరులోనే ఏది దేనికో రాసిపెట్టుకోవడం తప్ప ప్రస్తుతానికి వేరే దారి లేదు.