విచారణ గురువు పని వేళలు: అపోహలు - వాస్తవాలు

విచారణ (ఒక చర్చి పరిధిలోని కతోలిక విశ్వాసుల సమాజం, పారిష్) బాధ్యతలో ఉన్న గురువుగా, అంటే ఫాదర్‌గా, నేను తరచూ వినే అభిప్రాయాలు కొన్ని ఉన్నాయి. వాటిని ఎవరూ దురుద్దేశంతో అనరు. కానీ వాటిని నమ్మి, అవసరమైన వేళ కూడా గురువును పిలవకుండా ఆగిపోయేవారు ఉన్నారు కనుక వివరంగా రాస్తున్నాను.

అపోహ: గురువుకు ఆదివారమే పని, మిగతా రోజుల్లో ఉదయపు పూజ ముగిస్తే తీరికే.

వాస్తవం: సాధారణ నియమం ప్రకారం గురువు రోజుకు ఒక్క దివ్యబలిపూజే (మాస్) సమర్పించాలి. గురువుల కొరత ఉన్నచోట తగిన కారణముంటే రెండు పూజలకు, ఆదివారాల్లోనూ విధి పండుగల్లోనూ (విశ్వాసులు పూజలో తప్పక పాల్గొనవలసిన పండుగలు) అవసరాన్ని బట్టి మూడింటికి బిషప్ అనుమతి ఇవ్వవచ్చునని 1983 నాటి శ్రీసభ (కతోలిక చర్చి) చట్టంలోని 905వ నిబంధన చెబుతుంది. ఆదివారం పూజలో చదివే బైబిల్ పఠనాలు మూడేళ్లకు ఒకసారి తిరిగి వస్తాయి. పఠనాలు అవే అయినా వినేవారి కష్టసుఖాలు మారిపోయి ఉంటాయి కనుక పాత ప్రసంగాన్ని మళ్లీ చదివితే సరిపోదు. ప్రసంగం సిద్ధం చేసుకోవడానికి అధ్యయనం, ప్రార్థన, మననాలతో తగినంత సమయం కేటాయించాలని ఫ్రాన్సిస్ పోప్ 2013లో రాశారు. దినచర్యలో ముందుగా కోతపడేది ఆ సమయమే. ఇవి కాక రోజువారీ దైవార్చన ప్రార్థనలు (రోజులో వేర్వేరు వేళల్లో చేయవలసిన ప్రార్థనలు) గురువుకు విధి, వాటిని తీరిక ఉన్నప్పుడు చేసేవిగా భావించరాదు.

అపోహ: జ్ఞానవివాహం (చర్చిలో జరిగే పెళ్లి) ఒక గంట పని.

వాస్తవం: గంటసేపు జరిగేది వేడుక మాత్రమే. ఆ వివాహానికి ఎలాంటి ఆటంకమూ లేదని ముందుగా నిర్ధారించుకోవలసిన బాధ్యత ఉంది కనుక వధూవరులతో మాట్లాడాలి, వారి స్వేచ్ఛా సమ్మతిని తెలుసుకోవాలి, వారు జ్ఞానస్నానం పొందిన విచారణల నుంచి పత్రాలు తెప్పించుకోవాలి, వివాహ ప్రకటనలు చేయించాలి, వారిని వివాహ జీవితానికి సిద్ధం చేయాలి. పెళ్లి అయ్యాక ఆ వివరాలను వివాహ రిజిస్టరులో రాసి, జ్ఞానస్నానం మరో విచారణలో జరిగివుంటే అక్కడికీ తెలియజేయాలి. పెళ్లి తేదీకి కొద్దిరోజుల ముందు వచ్చి ‘ఒక్క సంతకమే కదా’ అనేవారికి కాదని చెప్పడం నాకూ బాధగానే ఉంటుంది, కానీ ఆ పరిశీలన వారి వివాహాన్ని కాపాడటానికే.

అపోహ: లెక్కలు, ఆస్తులు కమిటీ చూసుకుంటుంది.

వాస్తవం: ప్రతి విచారణకూ ఆర్థిక సలహా సంఘం ఉండాలన్నది నిజమే. అది గురువుకు సహాయపడుతుంది. జవాబుదారీ మాత్రం గురువుదే.

అపోహ: గురువుకు సెలవులు ఉండవు, ఉండకూడదు.

వాస్తవం: ఏటా గరిష్ఠంగా ఒక నెల సెలవు శ్రీసభ చట్టం ఇచ్చినదే, వార్షిక ధ్యానపు (రిట్రీట్) రోజులు అందులోకి రావు. వారానికి మించి విచారణకు దూరంగా ఉండేటప్పుడు బిషప్‌కు తెలపాలి. విశ్రాంతి లేని గురువు మరణశయ్య పక్కన కూర్చుని ఓపికగా వినలేడని నా నమ్మకం.

అపోహ: ఫాదర్ గారు తీరిక లేకుండా ఉంటారు, చివరి క్షణం వచ్చేదాకా ఇబ్బంది పెట్టకూడదు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టేది ఈ అపోహే. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం (రోగికి పవిత్ర తైలం పూసి ప్రార్థించే దివ్యసంస్కారం) మరణపు అంచున ఉన్నవారికి మాత్రమే కాదని కతోలిక బిషప్‌ల ప్రపంచ సభ అయిన రెండవ వాటికన్ మహాసభ స్పష్టం చేసింది. తీవ్రమైన అనారోగ్యం వల్లగానీ వృద్ధాప్యం వల్లగానీ ప్రాణాపాయం మొదలైనప్పుడే ఈ దివ్యసంస్కారానికి తగిన సమయం వచ్చినట్టు. పరిస్థితి మరింత విషమిస్తే మళ్లీ పొందవచ్చు. దీన్ని గురువు మాత్రమే ఇవ్వగలరు, డీకన్ (గురువు కన్నా కింది స్థాయి అభిషిక్త సేవకుడు) ఇవ్వలేరు. స్పృహ తప్పాక కబురు వస్తే గురువు వస్తారు, కానీ రోగి పాపసంకీర్తనం చేసుకోవడానికీ (గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవడానికీ), సత్ప్రసాదం (పూజలో పవిత్రపరచిన అప్పం) స్వీకరించడానికీ, మనసులోని భయం చెప్పుకోవడానికీ వీలుండదు. అందువల్ల పెద్ద శస్త్రచికిత్సకు తేదీ ఖరారైన రోజే, లేదా ఇంట్లోని వృద్ధులు మంచం పట్టిన వెంటనే, మీ విచారణ గురువుకు కబురు చేయండి. పూజకు వెళ్లే తొందరలో ఉన్నా, సమావేశంలో ఉన్నా, ఏ గురువైనా దాని కోసం సమయం చేసుకుంటారు.