టెక్స్ట్ టేబులా, ఎక్సెల్ షీటా? రోజూ రెండూ వాడే నేను వినే అపోహలు - వాస్తవాలు

నేను బెంగళూరులో మారతహళ్ళి దగ్గర టెక్నికల్ రైటర్‌గా చేస్తున్నా, పన్నెండేళ్ళయింది. రిలీజ్ నోట్స్, టెస్ట్ సమ్మరీలు, ఏ వెర్షన్‌లో ఏ ఫీచర్ ఉంది అనే లిస్టులు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా టేబుల్స్‌తోనే నా పని. సగం ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ఆర్గ్ మోడ్‌లో (నోట్స్, టేబుల్స్ మామూలు టెక్స్ట్‌గానే రాసుకునే సౌకర్యం అది) ఉంటాయి, సగం ఎక్సెల్‌లో. టీంలోకి కొత్తగా వచ్చే మన తెలుగు పిల్లలు లంచ్‌లో అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు, అందుకే ఒకచోట రాసేస్తున్నా.

అపోహ: టెక్స్ట్ ఎడిటర్‌లో టేబుల్ అంటే నిలువు గీతలు గీసుకోవడమే, లెక్కలు రావు

మార్క్‌డౌన్ (మామూలు టెక్స్ట్‌లో గుర్తులు పెట్టి హెడింగ్‌లు, టేబుల్స్ రాసే పద్ధతి) టేబుల్ విషయంలో నిజమే, అది చూపించడానికే, కూడికలు చేయదు. ఆర్గ్ మోడ్ అలా కాదు. కార్స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త 2003లో మొదలుపెట్టాడు దీన్ని, 2007లో వచ్చిన ఈమ్యాక్స్ 22 నుంచి ఎడిటర్‌తో పాటే వస్తుంది, విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే పని లేదు. నిలువు గీత కొట్టి, మాటలు రాసి, ట్యాబ్ నొక్కితే కాలమ్స్ వాటంతటవే సర్దుకుంటాయి, టేబుల్ కింద టీబీఎల్ఎఫ్ఎం అని ఒక లైన్ పెట్టి అందులో ఫార్ములా రాస్తే ఈమ్యాక్స్‌లోనే ఉండే క్యాల్క్ అనే క్యాలిక్యులేటర్ లెక్క కట్టి ఖానాలో పెడుతుంది. డాలర్ గుర్తు కాలమ్‌కి, ఎట్ గుర్తు వరసకి, అంటే @3$2 అంటే మూడో వరస రెండో కాలమ్. మొత్తాలు, సగటులు, ఇంకో టేబుల్‌లోంచి విలువ తెచ్చుకోవడం, అన్నీ అవుతాయి.

కానీ ఇక్కడ ఒక గుంట ఉంది, కొత్తవాళ్ళు చాలామంది అందులో పడతారు. ఈ టెస్ట్ సమ్మరీ చూడండి, ఒక్కో మాడ్యూల్‌లో మొత్తం ఎన్ని టెస్టులు, అందులో ఎన్ని పాస్ అని:

| మాడ్యూల్ | పాస్ | మొత్తం | శాతం |
|----------+------+--------+------|
| లాగిన్ | 45 | 50 | |
| పేమెంట్ | 38 | 40 | |

శాతం కావాలంటే ఎవరైనా $4=$2/$3*100 అని రాస్తారు, ఎక్సెల్ అలవాటు కదా. 90, 95 రావాలి. వచ్చేది 0.009, 0.0095! ఎందుకంటే క్యాల్క్‌లో గుణకారం ముందు, భాగహారం తర్వాత, అంటే అది 45ని 50తో భాగించి వందతో హెచ్చించడం లేదు, 50ని వందతో హెచ్చించి ఆ 5000తో 45ని భాగిస్తోంది. ఇది తప్పు కాదు, మాన్యువల్‌లో రాసి ఉన్న నియమమే, కానీ మాన్యువల్ చదివి మొదలుపెట్టేదెవరు? $4=100*$2/$3 అని రాయండి, లేదా బ్రాకెట్లు పెట్టండి. ఇక్కడ తప్పు ఇంత పెద్దగా కనిపించింది కాబట్టి పట్టుకుంటాం, మూడు నాలుగు కాలమ్స్ కలిసిన ఫార్ములాలో అయితే నమ్మేలా ఉండే తప్పు నంబర్ వస్తుంది.

ఇంకో రెండు చెప్పి ముందుకెళ్తా. లక్షని 1,00,000 అని కామాలతో రాస్తే లెక్క చెడుతుంది, టేబుల్‌లో అంకెలు కామాల్లేకుండానే ఉండాలి. కాలమ్ మొత్తానికి ఫార్ములా పెట్టాక ఆ కాలమ్‌లో చేత్తో ఒక విలువ దిద్దితే, మళ్ళీ లెక్క కట్టించినప్పుడు మీరు దిద్దింది పోతుంది, ఏమీ అడగదు కూడా.

అపోహ: ఎక్సెల్‌లో పెట్టేశాం కదా, డేటా భద్రం

ఈ నమ్మకం వల్ల జరిగిన నష్టం నా కళ్ళతో చూశాను. నేను బెంగళూరు వచ్చిన కొత్తలో ఉన్న పీజీ అనంతపురం నుంచి వచ్చిన ఒకన్న నడిపేవాడు, నాలుగు అంతస్తులు, ప్రతి రూముకీ ముగ్గురు. ఉన్నవాళ్ళ పేర్లు, రూమ్ నంబర్లు, ఆధార్, ఫోన్, అడ్వాన్స్ ఎంత, ఇదంతా ఒక సీఎస్‌వీ ఫైల్‌లో (ఖానాల మధ్య కామాలు పెట్టి రాసే మామూలు టెక్స్ట్ ఫైల్) ఉండేది, ఎవరో కుర్రాడు చేసిపెట్టి వెళ్ళాడు. అన్న దాన్ని డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిచి, కొత్తగా చేరిన ఇద్దరి వివరాలు ఎక్కించి, సేవ్ నొక్కాడు. రెండు రోజుల తర్వాత లాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "ఏందమ్మా ఇది, ఆధార్ నంబర్లన్నీ సున్నాలైపోయినాయి, రూమ్ నంబర్ల కాడ తేదీలొచ్చినాయి."

జరిగింది ఏంటంటే, ఎక్సెల్ మామూలు ఖానాలో పదకొండు అంకెలు దాటిన సంఖ్యని పొట్టి రూపంలో చూపిస్తుంది. 123456789012 అనే పన్నెండంకెల నంబర్ ఉందనుకోండి, స్క్రీన్ మీద 1.23457E+11 అని కనబడుతుంది. లోపల నంబర్ ఇంకా మొత్తం ఉంటుంది, అప్పటికి ఏమీ పోలేదు. కానీ సీఎస్‌వీగా సేవ్ చేసినప్పుడు ఫైల్‌లోకి వెళ్ళేది స్క్రీన్ మీద కనబడేదే, కాబట్టి మళ్ళీ తెరిస్తే 123457000000, చివరి ఆరు అంకెలు పోయినట్టే, ఇక వెనక్కి రావు. మూడో అంతస్తు రెండో రూముని 3-2 అని రాసుకున్నారు, అది ఫిబ్రవరి 3 అయి కూర్చుంది. అందరి ఆధార్ కార్డులూ మళ్ళీ అడిగి తీసుకోవడానికి అన్నకి వారం పట్టింది, ఖాళీ చేసి వెళ్ళిపోయినవాళ్ళవి దొరకనే లేదు.

ఇది ఒక్క పీజీ సమస్య కాదు. మనుషుల జీన్లలో కొన్నిటికి మార్చ్1, సెప్ట్1 లాంటి పేర్లుండేవి, ఎక్సెల్ వాటిని తేదీలుగా మార్చేస్తోందని, జీన్లకి పేర్లు పెట్టే కమిటీ 2020లో ఆ పేర్లనే మార్చింది. మైక్రోసాఫ్ట్ 2023లో ఈ మార్పిడి ఆపుకునే సెట్టింగ్ ఇచ్చింది, అది వాడండి. ఆధార్, ఫోన్, పిన్‌కోడ్, అకౌంట్ నంబర్, ఇవి కూడికలు చేసే అంకెలు కావు కదా, ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా పెట్టండి. సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేయకండి, డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేసుకోండి. పదహారంకెల నంబర్లయితే ఇంకా జాగ్రత్త, ఎక్సెల్ గుర్తుపెట్టుకునేది పదిహేను అంకెలే, పదహారోది సేవ్ చేయకముందే సున్నా అయిపోతుంది.

టెక్స్ట్ టేబుల్‌లో ఈ బాధ లేదు, 3-2 అని రాస్తే పదేళ్ళకైనా 3-2 గానే ఉంటుంది. నాకు ఆర్గ్ టేబుల్ మీద ఇంత ప్రేమ ఉండటానికి మొదటి కారణం ఇదే, రాసింది రాసినట్టు ఉంచుతుంది.

అపోహ: ఆర్గ్ టేబుల్ వచ్చేస్తే ఇక ఎక్సెల్ అక్కర్లేదు

ఇది మా ఈమ్యాక్స్ వాళ్ళ అపోహ, గట్టిగానే చెప్తున్నా, తప్పు. వెయ్యి వరసలు దాటాక ట్యాబ్ నొక్కిన ప్రతిసారీ సర్దుకోవడానికి టైం తీసుకుంటుంది, పని చేయబుద్ధి కాదు. పివట్ (వరసల్ని గుంపులు చేసి మొత్తాలు చూపించే ఎక్సెల్ సౌకర్యం) లేదు, ఈ కాలమ్‌లో తేదీ తప్ప ఇంకేం రాయనివ్వకు అని కట్టడి చేసే సౌకర్యం లేదు, నలుగురు ఒకేసారి తెరిచి రాసుకోలేరు. అన్నిటికన్నా ముఖ్యం, ఎక్సెల్‌లో ఒక ఖానా మారిస్తే దాని మీద ఆధారపడ్డవన్నీ వెంటనే మారతాయి, ఆర్గ్‌లో మామూలుగా అలా మారవు, ఫార్ములా లైన్ మీద కర్సర్ పెట్టి కంట్రోల్ సీ రెండుసార్లు కొట్టాలి. ఒక రిలీజ్‌కి నేను చివరి నిమిషంలో రెండు ఫెయిల్ కేసులు చేర్చి, మళ్ళీ లెక్క కట్టించకుండా పంపేశా, పైన వరసలు ఒకటి చెప్తున్నాయి, కింద మొత్తం ఇంకోటి చెప్తోంది, కస్టమర్ దాకా వెళ్ళాక తెలిసింది. అప్పటినుంచి ఫైల్ పంపేముందు ఫైల్‌లో ఉన్న టేబుల్స్ అన్నిటినీ ఒకేసారి లెక్క కట్టించే కమాండ్ నడపకుండా పంపను.

మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ళ ట్యాంకర్ల లెక్క ఉంటుంది. ఎండాకాలంలో బోర్లు ఎండిపోతే రోజుకి ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి, ఒక్కోటి ఎంత, ఏ ఫ్లాట్‌కి ఎంత పడుతుంది అని. ట్యాంకర్ వచ్చినప్పుడు ఫోన్‌లో ఎక్కించేది సెక్యూరిటీ అన్న, చూసేది ట్రెజరర్ ఆంటీ, గొడవ పడేది అందరూ. దీన్ని ఈమ్యాక్స్‌లో పెడదాం అని నేను అంటే అది వాళ్ళకి చేసే అన్యాయం. అది గూగుల్ షీట్‌లోనే ఉండాలి, ఉంది. ఆ టేబుల్‌ని నా తర్వాత ఎవరు ముట్టుకుంటారు అన్నదే నేను మొదట చూసుకుంటా, ఏది పవర్‌ఫుల్ అన్నది తర్వాత.

అలాగని షీట్‌కి హద్దు లేదనుకోకండి. పాత ఎక్స్ఎల్ఎస్ ఫైల్‌లో 65,536 వరసలే పడతాయి, ఇప్పటిదాంట్లో 10,48,576. 2020లో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాకుండా పోయింది పాత ఫార్మాట్‌లో ఆ హద్దు దాటడం వల్లే. అంత డేటా ఉంటే రెండూ వద్దు, డేటాబేస్‌లో పెట్టండి.

అపోహ: టెక్స్ట్ కాబట్టి గిట్‌లో ఏం మారిందో ఇట్టే తెలిసిపోతుంది

గిట్ అంటే ఫైళ్ళలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచిపెట్టే టూల్. ఈ మాట ముప్పావు నిజం. ఎక్సెల్ ఫైల్ అసలు ఒక జిప్, లోపల ఎక్స్ఎంఎల్ ఫైల్స్ ఉంటాయి, గిట్ దాన్ని చూసి ఫైల్ మారింది అని మాత్రమే చెప్పగలదు. టెక్స్ట్ టేబుల్‌లో ఏ వరస, ఎవరు, ఎప్పుడు మార్చారో కనబడుతుంది. కానీ ఒక ఖానాలో పొడవైన పేరు రాశారనుకోండి, ఆ కాలమ్ వెడల్పు పెరిగి ప్రతి వరసలో ఖాళీలు మారతాయి, ఒక్క మార్పుకి నలభై లైన్లు ఎర్రగా పచ్చగా వచ్చేస్తాయి, రివ్యూ చేసేవాళ్ళు తల పట్టుకుంటారు. డిఫ్ (పాతదానికీ కొత్తదానికీ తేడా) చూసేటప్పుడు ఖాళీలని పట్టించుకోకు అనే ఆప్షన్ ఇవ్వండి, సరిపోతుంది.

అపోహ: తెలుగులో టేబుల్ రాయాలంటే టెక్స్ట్ ఎడిటర్ పనికిరాదు

గీతలు వంకరపోతాయి, అది నిజమే, పైన నేను పెట్టిన టేబుల్ మీ స్క్రీన్ మీద కూడా అలాగే వంకరగా కనబడుతూ ఉంటుంది. టెక్స్ట్ టేబుల్ ప్రతి అక్షరం ఒకే వెడల్పు అనుకుని ఖాళీలు నింపుతుంది, మన లిపిలో "స్త్రీ" అనేది కంప్యూటర్‌కి ఆరు కోడ్ పాయింట్లు (స, త, ర, రెండు పొల్లులు, గుడిదీర్ఘం, ఒక్కోదానికి ఒక్కో నంబర్), తెర మీద ఒకటే అక్షరం, ఇక లెక్క ఎక్కడ కుదురుతుంది. డేటాకి మాత్రం ఏమీ కాదు, ఫార్ములాలు నిలువు గీతల్ని బట్టే పనిచేస్తాయి, వంకరగా ఉన్నా మొత్తం సరిగ్గానే వస్తుంది. ఎక్సెల్‌లో తెలుగు ఖానాలో చక్కగా కూర్చుంటుంది, కానీ అక్కడ సీఎస్‌వీ తెరిచినప్పుడు అక్షరాలు పిచ్చి గుర్తులుగా వస్తాయి, సేవ్ చేసేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్నది ఎంచుకుంటే ఆ బాధ తప్పుతుంది.

ఈమ్యాక్స్‌లో పిక్సెల్ లెక్కన సర్దే వీఅలైన్ అనే ప్యాకేజీ ఉంది, కావాలంటే పెట్టుకోండి. నేనైతే ఇంకో పని చేస్తా, అంకెల కాలమ్స్ అన్నీ ఎడమవైపు, తెలుగు మాటలున్న కాలమ్ అన్నిటికన్నా చివర, కుడివైపు. వంకర వచ్చినా ఆ చివరి గీతకే వస్తుంది, అంకెలు మాత్రం తిన్నగా ఒకదాని కింద ఒకటి ఉంటాయి.