సిరోంచ ఎండలో 27.8 డిగ్రీలా?

బల్లార్షా,
మే నెల.

పిల్లలిద్దరికీ తాత ఆశీర్వాదాలు.

ల్యాప్‌టాప్ లోపలి వేడి చూద్దామని లినక్స్‌లో 'సెన్సార్స్' కమాండ్ కొట్టి మీరు పంపిన ఫోటోలు చూశాను. చిన్నోడి ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద 27.8 డిగ్రీలు అని ఒక్క అంకె ఉంది, దాని కింద ఇంకేమీ లేదు. చంద్రాపూర్ హాస్టల్లో అక్క తీసిన ఫోటోలో అదీ లేదు, 'నో సెన్సార్స్ ఫౌండ్' అని ఒక్క లైను. సెన్సార్ పాడైందా అని ఇద్దరూ టెన్షన్ పడుతున్నారు. పాడవలేదు. అయితే మీ ఇద్దరి సంగతీ ఒకటి కాదు, కాబట్టి విడివిడిగా చెబుతాను. కమాండ్‌లు నేను తెలుగులో రాస్తున్నాను, మీరు మాత్రం టెర్మినల్లో, అంటే కమాండ్‌లు టైప్ చేసే విండోలో, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు చిన్నోడిది. మధ్యాహ్నం పూట సిరోంచలో ఇంట్లోనే నలభై దాటుతోందని మీ బాపు ఫోన్లో చెప్పాడు. అలాంటి గదిలో గంట నుంచి నడుస్తున్న ల్యాప్‌టాప్ లోపల 27.8 ఎలా ఉంటుంది? ఫ్యాను గాలిని తోస్తుందే కానీ చల్లబరచదు. గదిలో ఎంత వేడి ఉందో అంతకంటే కిందికి ఏ ఫ్యానూ దింపలేదు. కాబట్టి అది కొలిచిన అంకె కాదు.

మరి ఎక్కడినుంచి వచ్చింది? ఆ అంకె పైన ఏసీపీఐటీజెడ్ అని ఉంది చూడు. అంటే అది మదర్‌బోర్డులో తయారీదారు పెట్టే బయాస్ అనే ప్రోగ్రామ్ చెప్పిన మాట. బయాస్, లినక్స్ లాంటివి మాట్లాడుకోవడానికి పెట్టుకున్న ఏసీపీఐ నియమం ప్రకారం బయాస్ వేడిని కెల్విన్‌లలో, అదీ పదో వంతుల్లో చెప్పాలి. కొందరు తయారీదారులు అక్కడ అసలు సెన్సార్‌ని కలపకుండా ఏదో ఒక సంఖ్య పెట్టి వదిలేస్తారు. 3010 అని పెట్టారనుకో, లినక్స్ అందులోంచి 2732 తీసేసి, మిగిలిన 278ని పదితో భాగించి 27.8 అని చూపిస్తుంది. 29.8 కూడా ఇలాగే చాలా మెషిన్లలో కనిపిస్తుంది. ఏసీ గదిలో కూర్చునేవాడికి ఆ అంకె మీద ఎప్పటికీ అనుమానం రాదు. మనకు ఈ ఎండ ఉంది కాబట్టి సరిపోయింది!

కాగితం మిల్లులో నేను ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా చేసిన రోజుల్లో గేజ్ ఎంత చూపిస్తోందన్నది తర్వాతి మాట. అసలు ముల్లు కదులుతోందా లేదా అన్నది ముందు చూసేవాళ్లం. నువ్వూ అదే చెయ్యి. టెర్మినల్లో 'వాచ్ సెన్సార్స్' అని కొట్టు. రెండు సెకన్లకోసారి అంకెలు మళ్లీ చదివి చూపిస్తుంది. పక్కన బ్రౌజర్‌లో బరువైన వీడియో ఒకటి పెట్టు. నిజమైన సీపీయూ సెన్సార్ అయితే క్షణాల్లో పైకి లేస్తుంది, వీడియో ఆపగానే దిగుతుంది. కదలకుండా కూర్చున్న అంకెను పట్టించుకోకు.

ఇక నిజమైన సెన్సార్ ఎందుకు కనిపించలేదు? అది ప్రాసెసర్ సిలికాన్‌లోనే ఉంటుంది, విడిగా ఊడిపోయే వస్తువు కాదు. దాన్ని చదవడానికి లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో ఒక డ్రైవర్, అంటే ఆ చిప్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రామ్, కావాలి. ఆ డ్రైవర్ చదివిన విలువను ఒక ఫైల్‌లో పెడుతుంది, 'సెన్సార్స్' అనే ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ను నీకు చూపిస్తుంది. చిప్, డ్రైవర్, ఫైల్, ప్రోగ్రామ్. ఈ నాలుగింటిలో తెగింది ఎక్కడో వెతకాలి, అంతేగాని ప్రోగ్రామ్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చుంటే లాభం లేదు. అందరూ మొదట చేసేది ఆ పనే.

'ఎల్ఎస్‌సీపీయూ' కొడితే ప్రాసెసర్ ఏదో తెలుస్తుంది. ఇంటెల్ కోర్ రకాలకు డ్రైవర్ పేరు కోర్‌టెంప్, ఏఎండీ వాటికి కే10టెంప్. మీ మేనమామ నాగపూర్‌లో కొని తెచ్చిన నీ ల్యాప్‌టాప్ ఏఎండీ వాళ్ల రైజెన్ కాబట్టి నీకు కావలసింది రెండోది. ఇప్పటికే ఎక్కిన డ్రైవర్లను చూపే 'ఎల్ఎస్‌మాడ్' జాబితాలో అది ఉందేమో చూడు. లేకపోతే 'సుడో మోడ్‌ప్రోబ్ కే10టెంప్' అని ఎక్కించు.

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. మోడ్‌ప్రోబ్ ఏ మాటా అనకుండా ముగిసిందంటే డ్రైవర్ మెమరీలోకి వచ్చిందని మాత్రమే అర్థం. నీ చిప్‌ను అది గుర్తుపట్టిందని కాదు. కే10టెంప్ దగ్గర తనకు తెలిసిన ఏఎండీ చిప్‌ల గుర్తింపు సంఖ్యల పట్టిక ఒకటి ఉంటుంది. అందులో నీ చిప్ సంఖ్య లేకపోతే డ్రైవర్ వచ్చి ఊరికే కూర్చుంటుంది, తప్పు జరిగిందని కూడా చెప్పదు. కోర్‌టెంప్ ఈ విషయంలో నయం, ఏఎండీ మెషిన్‌లో ఎక్కించబోతే అలాంటి పరికరం లేదని మొహం మీదే చెప్పేస్తుంది.

నా అనుమానం నీ కెర్నెల్ మీదే. మేనమామ దగ్గరున్న పాత పెన్‌డ్రైవ్‌తో లినక్స్ వేశారని అన్నావు. చిప్ కంటే కెర్నెల్ పాతదైతే పట్టికలో ఆ చిప్ సంఖ్య ఉండదు కదా. 'యూనేమ్ మైనస్ ఆర్' కొట్టి కెర్నెల్ వెర్షన్ చూసుకో. ఇప్పటి ఉబుంటునో ఫెడోరానో పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చెయ్యకుండా 'ట్రై' అని లైవ్‌గా నడిపి చూడు. అక్కడ వేడి కనిపిస్తే సందేహం తీరిపోయినట్టే, అప్పుడు నెమ్మదిగా అప్‌డేట్ చేసుకోవచ్చు.

లైవ్‌లో చూసేటప్పుడు ఫైల్‌ను నేరుగా చదవడం కూడా నేర్చుకో. సిస్ ఫోల్డర్‌లో క్లాస్, దానిలో హెచ్‌డబ్ల్యూమాన్ అని ఉంటుంది. అందులో హెచ్‌డబ్ల్యూమాన్0, 1, 2 అంటూ ఒక్కో సెన్సార్‌కు ఒక్కో ఫోల్డర్. ప్రతి దానిలో 'నేమ్' అనే ఫైల్ డ్రైవర్ పేరు చెబుతుంది, వేడి కొలిచేవాటిలో 'టెంప్1 అండర్‌స్కోర్ ఇన్‌పుట్' అనే ఫైల్ దాన్ని డిగ్రీలో వెయ్యో వంతుల్లో చెబుతుంది. 54000 ఉంటే 54 డిగ్రీలు. ఆ ఫోల్డర్ సంఖ్యలు మాత్రం రీబూట్ చేస్తే మారిపోవచ్చు. నిన్న 2లో ఉన్నది ఇవాళ 4లో ఉంటుంది. స్క్రిప్ట్ రాయాలని సరదా పుడితే పేరుతో వెతికేలా రాయి.

రైజెన్‌లో టీసీటీఎల్ అని కనిపించేది ఫ్యాన్ నడపడానికి ఉద్దేశించిన లెక్క. కొన్ని డెస్క్‌టాప్ రైజెన్‌లలో అది అసలు వేడికంటే ఎక్కువ చూపిస్తుంది. రైజెన్ 7 1800ఎక్స్‌లో అయితే ఏకంగా 20 డిగ్రీలు ఎక్కువ. నీకు ఆ బాధ ఉండదులే, కానీ స్నేహితులతో అంకెలు పోల్చుకునేటప్పుడు గుర్తుంచుకో.

ఇప్పుడు అక్క సంగతి. నువ్వు విండోస్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టి, దాని లోపల లినక్స్ నడుపుతున్నావు. అందులో 'నో సెన్సార్స్ ఫౌండ్' అని రావడమే సరైన జవాబు తల్లీ. వర్చువల్ మెషిన్‌కు ఉన్నది సాఫ్ట్‌వేర్ కల్పించిన మదర్‌బోర్డు, దానికి వేడెక్కడానికి ఏముంది? విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్‌లోనూ ఇంతే. నీ ల్యాప్‌టాప్ నిజమైన వేడి లినక్స్‌లో చూడాలంటే దాన్ని పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా బూట్ చెయ్యాలి.

నీది ఇంటెల్ కాబట్టి ఒక చిత్రం చెబుతాను. దాని లోపలి సెన్సార్ ఇన్ని డిగ్రీలు ఉన్నానని చెప్పదు, గరిష్ఠ హద్దుకు ఇంకా ఎంత దూరంలో ఉందో చెబుతుంది. హద్దు 100, దూరం 38 అయితే కోర్‌టెంప్ తీసివేత చేసి 62 అని రాస్తుంది. హద్దుకు దగ్గరగా ఉన్నప్పుడు ఆ కొలత బాగా నమ్మదగినది, చల్లగా ఉన్నప్పుడు కాస్త అటూ ఇటూ అవుతుంది. అది పెట్టిందే ప్రాసెసర్ మాడిపోకుండా కాపాడటానికి, వాతావరణ సూచన చెప్పడానికి కాదు.

బూట్ చేశాక 'సుడో సెన్సార్స్-డిటెక్ట్' నడుపు. అది ప్రశ్నలు అడుగుతుంది. ప్రతి ప్రశ్న చివర ఎస్, నో అని రెండూ ఉంటాయి, పెద్ద అక్షరాల్లో ఉన్నది దాని సలహా. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే ఆ సలహానే తీసుకుంటుంది. అదే మంచిది కూడా. అన్నిటికీ ఎస్ కొట్టి తొందరపడేవాళ్లంటే నాకు భయం. అది చిప్‌లు మాట్లాడుకునే ఐ2సీ బస్ అనే దారి మీద ఒక్కో చిరునామాకు వెళ్లి ఎవరున్నారని పలకరిస్తుంది, అక్కడ సెన్సారే ఉండాలని లేదు. కొన్ని పాత ఐబీఎం థింక్‌ప్యాడ్‌లలో ఇలా పలకరించేసరికే కరెంటు పోయినా సమాచారం దాచే ఈఈప్రామ్ చిప్‌లోని సమాచారం చెడి, మెషిన్ మళ్లీ ఆన్ కాని సంఘటనలు ఒకప్పుడు జరిగాయి. ఆ తర్వాత అలాంటి మెషిన్‌ను ముందే గుర్తుపట్టి ఆగిపోయేలా ప్రోగ్రామ్‌ను మార్చారు.

అన్నిటికీ ఎంటర్ నొక్కితే చాలన్నాను కదా, చివరి ప్రశ్న దగ్గర మాత్రం ఆగు. దొరికిన డ్రైవర్ పేర్లను ఈటీసీ ఫోల్డర్‌లోని మాడ్యూల్స్ ఫైల్‌లో చేర్చమంటావా అని డెబియన్, ఉబుంటుల్లో అడుగుతుంది. అక్కడ దాని సలహా నో! ఎంటర్ కొట్టుకుంటూ పోయినవాళ్లకు వెతుకులాట అంతా అయి, ఫలితం ఎక్కడా నమోదు కాకుండా పోతుంది. కోర్‌టెంప్ లాంటివి ఇప్పటి కెర్నెల్‌లలో వాటంతట అవే వస్తాయి కాబట్టి చాలామందికి ఈ సంగతి తెలియదు. మిగతా డ్రైవర్లు కావాలంటే, ఇన్‌స్టాల్ చేసిన లినక్స్‌లో అయితే ఎస్ అని పూర్తిగా టైప్ చేసి, రీబూట్ చెయ్యి. పెన్‌డ్రైవ్‌లో లైవ్‌గా నడుపుతుంటే రాసింది రీబూట్‌తో పోతుంది, అక్కడ మోడ్‌ప్రోబ్‌తో ఎక్కించు.

ఫ్యాన్ వేగం కనిపించలేదని ఇద్దరూ కంగారు పడొద్దు. ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్‌ను ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్ నడుపుతుంది, ఒక్కో కంపెనీ దాన్ని ఒక్కోలా చేస్తుంది. థింక్‌ప్యాడ్‌లకూ, డెల్ వాటికీ విడిగా డ్రైవర్లున్నాయి. మిగతా వాటిలో చాలావాటికి లేవు, లేకపోతే లేవు. ఆ ఒక్క అంకె కోసం బూట్ లైన్‌లో 'ఏసీపీఐ ఎన్‌ఫోర్స్ రిసోర్సెస్ లాక్స్' చేర్చమని ఎవరైనా చెబితే వినకండి. చిప్‌లోని రిజిస్టర్లనే అవే చిన్న గడుల్లో బయాస్ ఒక చెయ్యి, డ్రైవర్ ఒక చెయ్యి పెట్టకుండా కెర్నెల్ వేసిన అడ్డు అది. ల్యాప్‌టాప్‌లో దాన్ని తీసేస్తే ఫ్యాన్ నడకే చెడిపోయే ప్రమాదం ఉంది. వైఫై దగ్గర ఎన్‌ఏ అని వస్తే వైఫై ఆపేసి ఉందేమో చూసుకోండి. ఎన్‌వీఎంఈ డిస్క్ వేడి 5.5 కెర్నెల్ నుంచి దానంతట అదే కనిపిస్తుంది, సాటా డిస్క్‌కైతే 5.6 నుంచి ఉన్న డ్రైవ్‌టెంప్‌ను మోడ్‌ప్రోబ్‌తో ఎక్కించాలి.

సెన్సార్ దొరికాక వచ్చే అంకెలు చూసి బెదరకండి. పుణెలో పాతిక డిగ్రీల గదిలో 65 చూపించే ల్యాప్‌టాప్, అదే పని చేస్తూ మన నలభై అయిదు డిగ్రీల గదిలో ఇంచుమించు 85 చూపిస్తుంది. గది ఎంత పెరిగితే చిప్ కూడా దాదాపు అంత పెరుగుతుంది. ల్యాప్‌టాప్ రైజెన్‌లకు హద్దు చాలావరకు 95 నుంచి 105 మధ్య ఉంటుంది. దాన్ని తాకితే ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది, వీడియో ఆగి ఆగి నడిచేది అందుకే. పొద్దున్నే గది చల్లగా ఉన్నప్పుడు, ఏ పనీ చెయ్యకుండానే 80 దాటుతోందంటే మాత్రం ఫ్యాన్ దగ్గర దుమ్ము పేరుకుని ఉంటుంది, లేదా చిప్ వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది.

చిన్నోడా, చల్లగా ఉంటుందని ల్యాప్‌టాప్‌ను కూలర్ ముందు పెట్టకు. ఆ గాలితో పాటు నీటి తుంపరలు కూడా వస్తాయి. దుమ్ము తీయడానికి వెనక మూత విప్పేటప్పుడు బాపును దగ్గర ఉంచుకో. ఛార్జర్ పీకాక లోపల బ్యాటరీ కేబుల్ కూడా ఊడదీసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని ఊదు. పేస్ట్ మార్చే పని నువ్వు పెట్టుకోకు, నేను వచ్చినప్పుడు ఇద్దరం కలిసి చేద్దాం.

ఇట్లు,
మీ తాత