చిత్తడి నేలల్లోని ఆదిమ సమాధులు: అపోహలు - వాస్తవాలు

పురావస్తు తవ్వకాల్లో బయటపడే మనిషి ఎముకలను పరిశీలించడం నా పని. నీటి అడుగున సమాధులంటే జనం ఎక్కువగా అడిగేవి కొన్ని అపోహల నుంచి పుట్టిన ప్రశ్నలే. జవాబుగా నేను చెప్పేది అమెరికాలో, ఫ్లోరిడాలోని విండోవర్ చెరువు గురించి. 1982లో టైటస్‌విల్ దగ్గర కొత్త ఇళ్ల కోసం రోడ్డు వేస్తుంటే, మట్టి తవ్వే యంత్రం నడిపే మనిషికి పుర్రెలు కనిపించాయి. 1984-86లో పురావస్తు శాస్త్రవేత్త గ్లెన్ డోరన్ బృందం చుట్టూ పైపులు దించి, నీళ్లు తోడి తవ్వింది. 168 మంది అవశేషాలు దొరికాయి. వాళ్లు 7,000 నుంచి 8,000 ఏళ్ల నాటివాళ్లు.

అపోహ: నీళ్లలో పూడిస్తే ఏమీ మిగలదు.

వాస్తవం: ఒకసారి తడిసి, ఒకసారి ఎండే నేలలోనే నష్టం ఎక్కువ. ఎప్పుడూ నీరు నిలిచే బురదలో ఆక్సిజన్ అందదు కాబట్టి కుళ్లు చాలా నెమ్మదిస్తుంది. విండోవర్‌లో 91 పుర్రెల్లో మెదడు కణజాలం మిగిలింది. ఫ్లోరిడా ఎండల్లో అది నిలిచిందంటే, చనిపోయిన ఒకటి రెండు రోజుల్లోనే పూడ్చి ఉండాలి.

అపోహ: చిత్తడిలో దొరికే శవాలన్నీ ఒకేలా ఉంటాయి.

వాస్తవం: నీటి గుణాన్ని బట్టి మారతాయి. 1950లో డెన్మార్క్ చిత్తడిలో దొరికిన ప్రాచీన శవం, టోలుండ్ మనిషి అంటారు, దాని ముఖం చెక్కుచెదరలేదు. అక్కడి ఆమ్ల నీరు చర్మాన్ని ఉంచి ఎముకను దెబ్బతీస్తుంది. విండోవర్ నీరు ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు. చర్మం పోయింది, ఎముక నిలిచింది. మాకు కావలసింది అదే.

అపోహ: వీళ్లను బలిచ్చి నీళ్లలో పడేశారు.

వాస్తవం: టోలుండ్ మనిషి మెడకు ఉరితాడు ఉంది, ఈ అనుమానం అలాంటి వాటి నుంచి పుట్టిందే. విండోవర్‌లో ఎక్కువ మందిని ఎడమ పక్కకు తిప్పి, మోకాళ్లు ముడిచి, బట్టలో చుట్టి పడుకోబెట్టారు. పైకి తేలకుండా కర్రలు దిగ్గొట్టారు. ఇది అంత్యక్రియే.

అపోహ: వ్యవసాయం రాక ముందు మనుషులకు నేత తెలియదు, బలహీనులను వదిలేసేవారు.

వాస్తవం: నాకు బాధ కలిగించే అపోహ ఇది. ఆ బట్టల్లో రకరకాల అల్లికలు ఉన్నాయి. కొన్ని సెంటీమీటరుకు 10 పోగుల దాకా ఉన్నంత సన్నటివి. అంత నేర్పు ఒక్క తరంలో రాదు. అవి మామూలు నేలలో అయితే ఆనవాలు కూడా మిగిలేవి కావు. ఇక అక్కడ సుమారు 15 ఏళ్ల కుర్రాడి ఎముకలు ఉన్నాయి. పుట్టుకతోనే వెన్నెముక పూర్తిగా మూసుకోని స్పైనా బిఫిడా అతనిది, కాలు కూడా బాగా దెబ్బతింది. వేటాడి, ఏరుకుని బతికే గుంపులో అతను అన్నేళ్లు బతికాడంటే ఎవరో తినిపించారు, మోశారు. ఒకరిద్దరి దయతో అయ్యే పని కాదది.

అపోహ: దొరికిందంతా తవ్వి తీయాలి.

వాస్తవం: తడి బట్ట, తడి కర్ర గాలి తగిలి ఎండితే ముడుచుకుని పగిలిపోతాయి. వెంటనే రసాయనాలతో కాపాడాలి, దానికి డబ్బూ ఏళ్లూ పడతాయి. మెరుగైన పద్ధతులు వచ్చే వరకు ఆగడమే మంచిదని విండోవర్‌లో దాదాపు సగం ముట్టుకోలేదు. అది సరైన నిర్ణయమని నా అభిప్రాయం. అయితే చుట్టుపక్కల భూగర్భజలం తగ్గి చెరువు అడుగు ఎండితే, ఎవరూ తవ్వకపోయినా ఆ మిగతా సగం పాడవుతుంది.