512 స్టేషన్ల లెక్క 307 దగ్గర ఎందుకు నిలిచింది?

ఎస్‌కేఏ (స్క్వేర్ కిలోమీటర్ అరే) అనే అంతర్జాతీయ రేడియో టెలిస్కోపుకు డబ్బు చాలుతుందా అన్న చర్చ మళ్లీ లేచింది. ఆమోదం పొందిన డిజైన్‌లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్‌లో 512 యాంటెన్నా స్టేషన్లు, దక్షిణాఫ్రికాలోని కారూలో 197 డిష్‌లు ఉన్నాయి. ప్రాజెక్టు భాషలో దీని పేరు ఏఏ4. హామీ ఉన్న నిధులతో కట్టబోయేది మాత్రం 307 స్టేషన్లు, 144 డిష్‌లు. దీన్ని ఏఏ స్టార్ అంటున్నారు.

ఈ తేడా ఎక్కడ మొదలైందని అడిగితే చాలామంది 2012 మే నెలను చూపిస్తారు. చోటు కోసం పోటీపడ్డ ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా రెంటికీ అప్పుడు టెలిస్కోపును పంచి ఖర్చు పెంచుకున్నారన్నది వాళ్ల వాదన. రెండు ఎడారుల్లోనూ రోడ్లు, కరెంటు, ఫైబర్ వేయాల్సి వచ్చిన మాట నిజమే. కానీ 50 నుంచి 350 మెగాహెర్ట్జ్ దాకా పట్టే ఆస్ట్రేలియాలోని ‘లో’, అక్కణ్నుంచి 15.4 గిగాహెర్ట్జ్ దాకా పట్టే దక్షిణాఫ్రికాలోని ‘మిడ్’ ఎటూ వేర్వేరు యంత్రాలే. మిడ్‌లో 15 మీటర్ల డిష్‌లు తిరుగుతుంటాయి. ‘లో’లో తిరిగే భాగమే లేదు. మనిషి కంటే కాస్త ఎత్తుండే, క్రిస్మస్ చెట్టులాంటి యాంటెన్నాలు 256 కలిస్తే ఒక స్టేషన్. సంకేతాలను ఎలక్ట్రానిక్స్‌లో కాస్త ముందూ వెనకా జరిపి కలపడంతోనే అది ‘చూపు’ తిప్పుతుంది. రెంటినీ ఒకే చోట పెట్టినా రెండు వ్యవస్థలకూ డబ్బు పెట్టక తప్పేది కాదు.

అసలు మలుపు 2013 జులైలో ఉంది. మొదటి దశ నిర్మాణ ఖర్చు 65 కోట్ల యూరోలు దాటకూడదని అప్పటి బోర్డు గీత గీసింది. వివరమైన డిజైన్ చేయాల్సిన బృందాలు పని మొదలుపెట్టింది ఆ ఏడాది నవంబరులో. అంటే ధర ముందు ఖరారైంది, వస్తువు తర్వాత. అప్పటినుంచి ప్రతి లెక్కా ఆ అంకె నుంచి వెనక్కి నడిచింది. రోడ్డు సగం వేయలేరు, సబ్‌స్టేషన్ సగం కట్టలేరు, సాఫ్ట్‌వేర్ సగం రాసి వదిలేయలేరు. తగ్గించడానికి వీలైనవి డిష్‌లు, యాంటెన్నాల సంఖ్యలే. కత్తెర పడ్డ ప్రతిసారీ అక్కడే పడింది.

మొదటి కోత 2015 మార్చిలో. మిడ్‌లో కొత్తగా కట్టాలనుకున్న 190 డిష్‌లు 133కి దిగాయి. వీటికి మీర్‌క్యాట్ డిష్‌లు 64 కలిపితేనే ఇవాళ చెబుతున్న 197. (ఆ 64 డిష్‌లు దక్షిణాఫ్రికా సొంత ప్రాజెక్టువి, ఒక్కొక్కటి 13.5 మీటర్లు.) ‘లో’లో రెండున్నర లక్షల దాకా అనుకున్న యాంటెన్నాలు సుమారు లక్షా ముప్పై వేలయ్యాయి. ఆస్ట్రేలియాలో ఆస్కాప్ అనే టెలిస్కోపుకు మరో 60 డిష్‌లు చేర్చి కట్టాల్సిన ‘సర్వే’ టెలిస్కోపును ‘వాయిదా’ వేశారు. 2012 పంపకంలో ఆస్ట్రేలియా వాటాకు వచ్చినవాటిలో అదొకటి. ఆ వాయిదా ఇప్పటికీ తీరలేదు. అందుకే ఏఏ స్టార్ గురించి ‘మిగతాది తర్వాత’ అంటే ఆ మాటను అక్కడివాళ్లు అంత తేలిగ్గా నమ్మరు.

నష్టం ఎంతో తెలియాలంటే ఒక్క సూత్రం చాలు. సున్నితత్వం, అంటే ఎంత బలహీనమైన సంకేతాన్ని పట్టగలదన్నది, యాంటెన్నాల సంఖ్యకు తగ్గట్టు మారుతుంది. అదే సున్నితత్వం రావడానికి పట్టే సమయం మాత్రం ఆ నిష్పత్తి వర్గం చొప్పున పెరుగుతుంది. 512 స్టేషన్లు 1,000 గంటల్లో చేసే పనికి 307 స్టేషన్లకు దాదాపు 2,800 గంటలు కావాలి. మిడ్‌లో 197కు బదులు 144 డిష్‌లైతే 1,000 గంటల పని 1,900 గంటలకు దగ్గరవుతుంది. జంటల లెక్క ఇంకా కఠినం. ప్రతి డిష్ మరో డిష్‌తో కలిసి ఒక కొలత ఇస్తుంది. 197 డిష్‌లకు 19,306 జంటలు, 144 డిష్‌లకు 10,296. బొమ్మ ఎంత శుభ్రంగా వస్తుందన్నది ఈ జంటల మీదే ఆధారపడి ఉంటుంది. మొదటి నక్షత్రాల కాలం నాటి హైడ్రోజన్ సంకేతాన్ని పట్టడం ‘లో’ ముఖ్య లక్ష్యం. మన గెలాక్సీ రొద దానికంటే వేల రెట్లు గట్టిది. అలాంటి చోట రెండు మూడు రెట్ల సమయమంటే ఆ పరిశీలన జాబితాలో ఉంటుందా, లేదా అన్నంత తేడా.

టెలిస్కోపు నడిపే ఖర్చు గంటల లెక్కన సాగుతుంది. స్టేషన్లు తక్కువైనంత మాత్రాన కాపలా, కరెంటు, సిబ్బంది అదే నిష్పత్తిలో తగ్గవు. కట్టేటప్పుడు ఒకసారి మిగిలిన డబ్బు, 50 ఏళ్లు నడపాలనుకుంటున్న యంత్రంలో ప్రతి ఫలితం ధరనూ పెంచుతుంది.

నిధులిచ్చే ప్రభుత్వాల వైపు కూడా ఒక వాదన ఉంది. ఇది దర్పణం సగంలో ఆగిపోయే టెలిస్కోపు కాదు. ఉన్న యాంటెన్నాలతోనే పని మొదలవుతుంది. ‘లో’ తొలి చిత్రం 2025 మార్చిలో నాలుగు స్టేషన్లు, 1,024 యాంటెన్నాలతోనే వచ్చింది. కంప్యూటర్లు ఎంత ఆలస్యంగా కొంటే అంత చవక. సభ్యులూ పెరుగుతున్నారు. రూ.1,250 కోట్లకు కేబినెట్ ఆమోదం తర్వాత భారత్ 2024లో చేరింది, కెనడా కూడా అదే ఏడాది. కంప్యూటర్ల మాట వరకు సరే. డిష్‌ల సంగతి వేరు. తయారీ వరుస ఒకసారి మూతపడితే మళ్లీ తెరవడానికి, కాంట్రాక్టర్లను మళ్లీ ఎడారికి తీసుకెళ్లడానికి అయ్యే ఖర్చు ఈ వాదనలో కనబడదు.

పైగా వచ్చే డబ్బంతా నగదు రూపంలో ఒకే సంచిలో పడదు. ప్రతి దేశం తన వాటాకు తగ్గ పని తన సంస్థలకు రావాలని కోరుతుంది. డిష్‌ల నిర్మాణంలో చైనా, టెలిస్కోపును నడిపించే సాఫ్ట్‌వేర్‌లో పుణెలోని రేడియో ఖగోళ పరిశోధన సంస్థ ఎన్‌సీఆర్‌ఏ ముందున్నది ఈ లెక్కనే. ఒక దేశం తప్పుకుంటే డబ్బుతోపాటు ఆ పని ఎవరు చేయాలన్న ప్రశ్న కూడా పడుతుంది. 2014లో జర్మనీ వైదొలుగుతున్నట్టు ప్రకటించినప్పుడు ఎస్‌కేఏ బ్రిటన్‌లో నమోదైన ఒక కంపెనీ మాత్రమే. 2019 మార్చిలో రోమ్‌లో ఏడు దేశాలు ఎస్‌కేఏను ప్రభుత్వాల ఉమ్మడి సంస్థగా మార్చే ఒప్పందం మీద సంతకాలు చేయడానికి ఈ అనుభవం కూడా ఒక కారణం అనుకోవాలి. 2021 జనవరిలో అది అమల్లోకి వచ్చింది.

ఆ ఏడాది జూన్‌లో ఆ సంస్థ కౌన్సిల్ నిర్మాణానికి పచ్చజెండా ఊపింది. నిర్మాణానికి దాదాపు 130 కోట్ల యూరోలు, మొదటి పదేళ్ల నిర్వహణ కూడా కలిపితే 200 కోట్లు. ఈ 130ని 2013 నాటి 65 పక్కన పెట్టి ‘రెట్టింపు’ అని రాసేవాళ్లు ఒక్కటి గమనించాలి: ఒకటి 2013 యూరోలలో, రెండోది ఏడెనిమిదేళ్ల తర్వాతి ధరల్లో. అయినా పెరుగుదల అంతా ద్రవ్యోల్బణం కాదు. తొలి అంకె డిజైన్ లేకుండా వేసింది కదా.

ఇప్పటి వివాదానికి అసలు సంగతి 2021 తీర్మానంలోనే ఉంది. ఆమోదించింది పూర్తి డిజైన్‌ను, కట్టేది మాత్రం నిధులు వచ్చేకొద్దీ దశలవారీగా. 2015లో కోత పెట్టడానికి బోర్డు కూర్చుని నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఎవరూ దేనికీ చెయ్యెత్తక్కర్లేదు. కొత్త డబ్బు రాకపోతే 53 డిష్‌లు, 205 స్టేషన్లు, అంటే 52,480 యాంటెన్నాలు, కాగితం మీదే ఉండిపోతాయి.