నల్లరాతి స్తంభం, ప్లాస్టిక్ బిందె

హనుమకొండ వేయి స్తంభాల గుడిలోని ఒక్క స్తంభాన్నైనా కంప్యూటర్‌లో నిలబెట్టాలని నాకు చాన్నాళ్ల కోరిక. పగలంతా ఇళ్లకు 3డి ఎలివేషన్లు చేసే పని నాది. బాల్కనీకి గ్లాసు పెట్టాలా, స్టీలు రెయిలింగ్ పెట్టాలా, ముందు గోడకు ఏ రంగు వేయాలి, ఈ పంచాయితీలతోనే పొద్దు గడిచిపోతుంది. రాత్రిపూట మాత్రం సొంత సరదా. మూడు వారాలు కూర్చుని స్తంభం మోడల్ చేశాను. గుండ్రటి పట్టీలు, వాటి మధ్య సన్నటి గీతలు, కింద చదరపు దిమ్మె, అన్నీ కుదిరాయి. నల్లరంగు వేసి, రఫ్‌నెస్ (గరుకుదనం) కోసం ఒక రాయి ఫొటో తగిలించి, రెండర్ కొట్టి, అంటే మోడల్‌ను వెలుగునీడలతో బొమ్మగా మార్చి, నాకంటే పదేళ్ల ముందు నుంచి ఈ పనిలో ఉన్న ఒక అన్నకు పంపాను.

"మోడల్ మంచిగుంది తమ్మీ. కానీ రాయి లెక్క లేదు, ప్లాస్టిక్ బిందె లెక్కుంది" అన్నాడు.

3డి నేర్చుకుంటున్న ఒక ఇంజినీరింగ్ పిల్లవాడు మా ఆఫీసుకు అప్పుడప్పుడు వస్తుంటాడు. వాడికీ చూపించాను. వాడు బిందె అనలేదు గానీ, బొమ్మ కారు అన్నాడు. ఏం చేయాలో చెప్పమంటే ఇద్దరూ చెరో మాట చెప్పారు. "గుడికి పోయి ఒక అర్ధగంట ఊరికే నిలబడి చూడు" అని అన్న. "నీ నోడ్స్ ఒకసారి చూపించు అన్నా" అని పిల్లవాడు. నోడ్స్ అంటే వస్తువు రంగు, మెరుపు ఎలా ఉండాలో సాఫ్ట్‌వేర్‌కు చెప్పే సెట్టింగుల డబ్బాలు. మొదట అన్న మాటే విన్నాను. పెద్దవాడు కదా.

అసలు ఈ ప్లాస్టిక్ గోల ఇవాళ్టిది కాదు. వియత్నాంలో పుట్టి అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో చదువుకున్న బుయ్ తువాంగ్ ఫాంగ్ అనే పరిశోధకుడు 1973లో ఒక తేలికైన లెక్క కనిపెట్టాడు. వస్తువు తన రంగును అన్ని వైపులకూ సమంగా వెదజల్లుతుంది, దాని మీద దీపానికి ఎదురుగా ఒక తెల్లటి మెరుపు చుక్క ఉంటుంది. ఈ రెండూ కలిపితే బొమ్మ తయారు. అప్పటి కంప్యూటర్లకు అంతకు మించి మోయగలిగే శక్తి లేదు. ఫాంగ్ 1975లో, ముప్ఫై రెండేళ్లకే కన్నుమూశాడు. ఆయన పేరు మీద ఆ లెక్క మాత్రం ఇప్పటికీ బతికే ఉంది.

ఆ లెక్కతో చేసిన ప్రతిదీ ప్లాస్టిక్‌లాగే కనిపించేది. ఎందుకంటే నిజమైన ప్లాస్టిక్ నిర్మాణమే అది. ప్లాస్టిక్ అంటే పారదర్శకమైన ముద్దలో కలిపిన రంగు రేణువులు. కాంతిలో కొంత భాగం లోపలికి పోకుండా పైపొర మీది నుంచే తిరిగి వచ్చేస్తుంది. దానికి రంగు రేణువులు తగలవు కాబట్టి అది తెల్లగా ఉంటుంది. మిగతాది లోపలికి దూరి, రేణువులకు తగిలి, రంగు పట్టించుకుని బయటికి వస్తుంది. ఎర్ర బిందె మీద ట్యూబులైటు మెరుపు తెల్లగా కనిపించేది అందుకే. లోహంలో అలా కాదు. లోపలికి దూరిన కాంతి బయటికి రాకుండా అక్కడే ఇంకిపోతుంది. పైనుంచి తిరిగొచ్చే కాంతికే లోహం రంగు అంటుతుంది. పెంబర్తి ఇత్తడి దీపపు కుందిని ఎండలో పెట్టి చూడండి, మెరుపు కూడా పసుపుపచ్చగానే ఉంటుంది. 1981లో రాబర్ట్ కుక్, కెన్నెత్ టొరన్స్ ఈ తేడాను లెక్కల్లోకి తెచ్చి ఒక రాగి కూజాను రాగిలాగే చూపించారు. ఇవాళ సాఫ్ట్‌వేర్‌లో మెటాలిక్ అని కనిపించే మీట వెనక ఉన్న సంగతి ఇదే.

ఇక్కడే నాకు తిరకాసు వచ్చింది. రాయి లోహం కాదు. కాంతి దృష్టిలో రాయి కూడా ప్లాస్టిక్ జాతిదే. నునుపు చేసిన నల్లరాయి మీది మెరుపు కూడా తెల్లగానే ఉంటుంది. మరి నా స్తంభం ఒక్కటే బిందె ఎందుకైంది?

ఆదివారం పొద్దున్నే గుడికి పోయాను. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి అది. ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, కానీ స్తంభాన్ని చూడటానికని పోవడం అదే మొదలు. ఎదురుగా నిలబడి చూస్తే రాయి మసకగా, కాస్త బూడిద నలుపులో ఉంది. మెరుపు అంతంత మాత్రమే. పక్కకు జరిగి, చెంప దాదాపు రాయికి ఆనించి, దాని ఉపరితలం వెంట చూపు పారిస్తే అదే రాయి అద్దమైంది. వాకిట్లో నిలబడ్డ ఒకావిడ చీర అంచు రంగు కూడా అందులో తెలుస్తోంది.

దీన్ని లెక్కగట్టినవాడు ఫ్రాన్స్‌లో రోడ్లు వేయించే ఇంజినీరు, ఒగస్టాన్ ఫ్రెనెల్. 1820లలో తేల్చాడు. గాజులాంటి పదార్థం మీద కాంతి నిటారుగా పడితే నూటికి నాలుగు పాళ్లే వెనక్కి వస్తాయి. నిటారు నుంచి 60 డిగ్రీలు వాలితే సుమారు 9 పాళ్లు. 80 డిగ్రీలకు 39. ఇంకా వాలి ఉపరితలాన్ని రాసుకుంటూ పోతే దాదాపు మొత్తం వెనక్కే. అన్ని వస్తువులకూ ఈ గుణం ఉంది. ఎండాకాలం తారురోడ్డు దూరంగా మెరవడంలో వేడిగాలి పాత్ర వేరే ఉంది గానీ, చెరువు నీళ్లు కాళ్ల దగ్గర అడుగు కనిపించేంత తేటగా, అవతలి ఒడ్డున ఆకాశంలా ఉండటం మాత్రం పూర్తిగా ఫ్రెనెల్ చలవే.

ఇంకో చిత్రం. పాలరాయి, నల్లరాయి రెండింటినీ ఒకే నునుపు చేస్తే, ఎదురుగా చూసినప్పుడు రెండూ తిప్పికొట్టేది దాదాపు అదే నాలుగైదు పాళ్లు. కానీ పాలరాయి లోపలి నుంచి బోలెడు తెల్ల కాంతి బయటికి వస్తుంటుంది. ఆ వెలుగులో ఈ నాలుగు పాళ్ల ప్రతిబింబం మునిగిపోతుంది. నల్లరాయి లోపలి నుంచి వచ్చేది చాలా తక్కువ కాబట్టి ఆ నాలుగు పాళ్లే రాజ్యమేలుతాయి. అంటే నల్లరాయి ఎక్కువ మెరవదు, దానికి పోటీ తక్కువ, అంతే. కాకతీయుల శిల్పులు ఏ లెక్కతో ఆ రాయిని ఎంచుకున్నారో గానీ, చీకటి మండపంలో అది పనిచేసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది.

అర్ధగంటలో మరో రెండు సంగతులు కంటబడ్డాయి. చేతులు అందే ఎత్తులో రాయి నున్నగా జిడ్డు మెరుపుతో ఉంది, పైన దుమ్ము పట్టి మసకగా ఉంది. ఒకే స్తంభం, రెండు రకాల మెరుపు. ఇక ప్రతి పట్టీ అంచు మీద సన్నటి వెలుగు గీత ఒకటి ఉంది. లోకంలో ఏ అంచూ కత్తి మొనలా ఉండదు. ఎంతో కొంత గుండ్రం తిరిగి ఉంటుంది. ఆ చిన్న వంపులో ఏదో ఒక చోటు వెలుతురుకు సరిగ్గా ఎదురుపడుతుంది, గీత పుడుతుంది. నా మోడల్‌లో అంచులన్నీ లెక్కల పుస్తకంలోలాగా పదునుగా ఉన్నాయి. కొత్తవాళ్లకు పాతవాళ్లు మొట్టమొదట చెప్పే "బెవెల్ కొట్టు" (అంటే అంచును కాస్త గుండ్రం చేయమని) అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది. ఇళ్ల ఎలివేషన్లలో వందసార్లు ఆ బటన్ నొక్కాను, ఎందుకో మాత్రం ఆలోచించలేదు.

చుట్టూ ఏం పెట్టానన్నది కూడా ఉంది. నా స్తంభం చుట్టూ ఏమీ లేదు, నల్లటి శూన్యంలో రెండు దీపాలు. చీకటి గదిలో అద్దం పెట్టి, ఏమీ కనబడటం లేదని తిట్టుకున్నట్టు. మెరిసే వస్తువు చూపించేది తనను కాదు, తన చుట్టుపక్కలను. అందుకే ఈ పనివాళ్లు హెచ్‌డీఆర్ఐ అనే 360 డిగ్రీల ఫొటోలను సీను చుట్టూ చుడతారు. మామూలు ఫొటోలో సూర్యుడైనా తెల్లకాగితమైనా ఒకే తెలుపు. ఈ ఫొటోల్లో సూర్యుడు నిజంగానే వేల రెట్లు ప్రకాశంగా నమోదై ఉంటాడు.

అంచులు గుండ్రం చేశాను, ఫొటో చుట్టాను, కింద జిడ్డు, పైన దుమ్ము వచ్చేలా చూశాను. బాగుపడింది. కానీ బిందె పూర్తిగా పోలేదు.

అప్పుడు పిల్లవాడికి నోడ్స్ చూపించాను. వాడు రెండు నిమిషాలు కూడా చూడలేదు.

"అన్నా, ఈ రఫ్‌నెస్ ఫొటోకు నాన్-కలర్ పెట్టలేదు."

నిజంగా సిగ్గేసింది. ఈ ఫొటో రంగు కోసం కాదు, కొలత కోసం అని సాఫ్ట్‌వేర్‌కు చెప్పే ఎంపిక అది. సంగతి ఏమిటంటే, మన కన్ను వెలుగులో కంటే చీకటిలో తేడాలను బాగా పసిగడుతుంది. అందుకని ఫొటో ఫైళ్లలో అంకెలను ముదురు రంగుల వైపు ఎక్కువ ఇచ్చి, వంచి దాస్తారు. 0 నుంచి 255 వరకు ఉండే ఆ కొలతలో నడుమ ఉండే 128 అనే బూడిద రంగు నిజానికి సగం కాంతి కాదు, సుమారు 22 శాతమే. రెండర్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ వంపును తీసేసి అసలు కాంతి కొలతకు తెచ్చుకుంటుంది. రంగుల ఫొటోకు అది సరైన పనే. కానీ గరుకుదనం రంగు కాదు, ఒక కొలత. అక్కడ సగం అంటే సగమే. నేను ఆ సంగతి చెప్పకపోవడంతో సాఫ్ట్‌వేర్ దాన్నీ రంగే అనుకుని వంపు తీసేసింది. 0.5 ఉండాల్సిన గరుకుదనం 0.2 చిల్లరకు పడిపోయింది. గరుకు తగ్గితే మెరుపు పెరుగుతుంది. అదీ బిందె కథ. పట్టిక తెరిచి నాన్-కలర్ ఎంచుకోగానే రాయి రాయిలా కూర్చుంది.

పదేళ్లుగా డబ్బు తీసుకుని చేస్తున్న నాకు తట్టనిది, పరీక్షల మధ్య సరదాగా నేర్చుకుంటున్న వాడికి ఎలా తట్టింది? వాడు నెల కిందటే అదే తప్పు చేసి, అడిగి తెలుసుకున్నాడట. నేను వాడే లైబ్రరీలో అన్నీ ముందే సెట్ చేసి వస్తాయి, తప్పు చేసే అవకాశమే రాలేదు. ఈ రంగంలో వృత్తి వాళ్లు, సరదా వాళ్లు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడానికి కారణం ఇదే అనిపిస్తుంది. ఇద్దరూ వేర్వేరు చోట్ల తట్టుకుని పడతారు.

ఇచ్చిపుచ్చుకోవడం ఇక్కడ మొదటి నుంచీ ఉంది. 1975లో యూటాలోనే మార్టిన్ న్యూవెల్ తన ఇంట్లోని టీ కెటిల్ ఆకారాన్ని అంకెల్లోకి ఎక్కించి అందరికీ ఇచ్చేశాడు. హ్యాండిలు, ముక్కు, మూత, తన నీడ తన మీదే పడే ఒంపులు, అన్నీ ఉన్న వస్తువు కాబట్టి కొత్త లెక్క కనిపెట్టిన ప్రతివాడూ దాని మీదే పరీక్షించాడు. అసలు కెటిల్ ఇప్పుడు కాలిఫోర్నియాలో కంప్యూటర్ చరిత్ర మ్యూజియంలో ఉంది. మా పిల్లవాడి లాప్‌టాప్‌లో ఉన్న బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్ కథ ఇంకా పసందు. నెదర్లాండ్స్‌కు చెందిన టాన్ రోజెండాల్ రాసిన ఈ సాఫ్ట్‌వేర్ వెనక ఉన్న కంపెనీ 2002లో మూతపడింది. కోడ్ విడిపించుకోవాలంటే లక్ష యూరోలు కట్టాలి. వాడేవాళ్లే చందాలు వేసుకుని ఏడు వారాల్లో ఆ డబ్బు పోగుచేశారు. ఆ ఏడాది అక్టోబర్‌లో అది అందరిదీ అయింది. పైసా కట్టకుండా వాడుకోవచ్చు.

ఇక స్తంభం చివరి రెండర్. ఇప్పటి పద్ధతికి మూలం 1986లో జేమ్స్ కజియా రాసిన సమీకరణం. ఒక చోటి నుంచి కంటికి చేరే కాంతి ఎంతో తెలియాలంటే అక్కడికి అన్ని వైపుల నుంచీ వచ్చే కాంతి తెలియాలి, ఆ ఒక్కో వైపుకూ మళ్లీ అదే ప్రశ్న. పూర్తిగా లెక్కకట్టడం కుదరదు కాబట్టి కంప్యూటర్ పాచికలు వేస్తుంది. ఏదో ఒక దిక్కుకు కిరణాన్ని వదిలి, అది ఎక్కడెక్కడ తగిలిందో చూసి, సగటు తీస్తుంది. కిరణాలు తక్కువైతే బొమ్మ మీద ఇసుక చల్లినట్టు నాయిస్ ఉంటుంది. దాన్ని సగానికి తగ్గించాలంటే కిరణాలు రెట్టింపు చేస్తే చాలదు, నాలుగు రెట్లు చేయాలి. ఇంకో సగం కావాలంటే పదహారు రెట్లు. అయిదు నిమిషాల బొమ్మ గంటా ఇరవై నిమిషాలవుతుంది. అందుకే అందరూ ఒక హద్దు దగ్గర ఆగి, మిగతా ఇసుకను తుడిచే పని డీనాయిజర్ అనే సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తారు. అది సన్నటి చెక్కడాలను కూడా ఇసుకే అనుకుని తుడిచేయవచ్చు. నా స్తంభం మీది గీతలు మొదటిసారి అలాగే మాయమయ్యాయి.

స్తంభం చుట్టూ కెమెరా తిరిగే పది సెకన్ల వీడియో కూడా పెట్టాను. సెకనుకు 24 చొప్పున 240 ఫ్రేములు, ఒక్కోటి అయిదు నిమిషాలు, మొత్తం 20 గంటలు. నేరుగా వీడియో ఫైలుగా పెట్టి పడుకున్నాను. తెల్లవారుజామున గాలివానకు కరెంటు పోయింది. ఫైలు తెరుచుకోలేదు, రాత్రంతా చేసిన పని గంగలో కలిసింది. విడివిడి బొమ్మలుగా సేవ్ చేసి ఉంటే పోయిన దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టేవాణ్ని. ఈ సలహా నాకు ముందే చెప్పారు. చెప్పింది ఆ అన్నే.

ఇంత కష్టపడే బదులు స్తంభాన్ని నాలుగు వైపులా ఫొటోలు తీసి సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే మోడల్ అదే వస్తుంది కదా అని కొందరు అడిగారు. ఫొటోగ్రామెట్రీ అంటారు దాన్ని. వరంగల్ కోటలోని కీర్తి తోరణం లాంటి గరుకు రాయికి బాగా పనికొస్తుంది. వేర్వేరు ఫొటోల్లో ఒకే మచ్చను గుర్తుపట్టి దూరం లెక్కించడం దాని పద్ధతి. మెరిసే రాయి మీద మనం కదిలితే మెరుపూ కదులుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ ప్రతిబింబాన్ని నిజమైన మచ్చే అనుకుని, స్తంభం లోపల ఎక్కడో ఉన్నట్టు లెక్కగడుతుంది. ఫలితం గుంతలు, బుడిపెలు. పాలంపేట రామప్ప గుడి మదనికలదీ ఇదే ఇబ్బంది. ఫ్యాక్టరీల్లో అయితే వస్తువు మీద తెల్లపొడి చల్లి కొలుస్తారు. గుడిలో ఎవరు చల్లనిస్తారు?

నిన్న పిల్లవాడు వచ్చాడు, ఈసారి వాడి వంతు. లక్నవరం చెరువు చేశాడు. నీళ్లు బాగున్నాయి, వేలాడే వంతెన బాగుంది. కానీ టేబుల్ మీద పెట్టుకునే బొమ్మలా ఉంది.

"ఏం తప్పో తెలుస్తలేదన్నా. కెమెరా బ్లర్ కూడా పెట్టిన, అయినా గట్లనే ఉంది."

కెమెరాకు బాగా దగ్గరగా ఉన్న చిన్న వస్తువులకే ముందూ వెనకా అంతగా మసకబారుతుంది. కిలోమీటరు దూరంలోని కొండ, దాని ముందున్న చెట్టు రెండూ ఒకేలా స్పష్టంగా కనబడాలి. ఆ మసకను చూడగానే మన కన్ను ఇది చిన్న వస్తువు అని తేల్చేస్తుంది. సాఫ్ట్‌వేర్‌లోని కెమెరా కూడా అసలు కెమెరా లెక్కలనే, మీటర్లలోనే పాటిస్తుంది.

"చెరువు పొడుగు ఎంత పెట్టినవ్ తమ్మీ?"

వాడు కొలత చూసుకుని నాలుక కరుచుకున్నాడు. "రెండు మీటర్లన్నా."