‘డెయ్నోస్’ గురించి అపోహలు - వాస్తవాలు

ప్రాచీన గ్రీకు పాఠం చెప్పేటప్పుడు నేను ఎక్కువసేపు ఆగే విశేషణం డెయ్నోస్. దాన్ని ఒక్క అర్థానికి కట్టేస్తే మంచి పంక్తులు పాడైపోతాయి.

అపోహ: డెయ్నోస్ అంటే భయంకరం. డైనోసార్ అంటే భయంకరమైన బల్లి.

వాస్తవం: మూలంలో ఉన్నది భయమే, కాదనను. కానీ 1842లో ఆ పేరు పెట్టిన రిచర్డ్ ఓవెన్ తన మనసులో ఉన్నది ‘భయం పుట్టేంత పెద్దది’ అని స్వయంగా రాశాడు. హోమర్ కావ్యం ఇలియడ్ మొదటి సర్గలో అపోలో దేవుడి వెండి విల్లు మోత డెయ్నోస్. అక్కడ వణుకే. మూడో సర్గలో హెలెన్ ‘మామయ్యగారూ’ అంటూ ట్రాయ్ రాజు ప్రియామ్‌కూ ఇదే మాట వాడుతుంది. ఆమెది పెద్దాయన ముందు కోడలికి ఉండే జంకు, గౌరవం.

అపోహ: సోఫోక్లిస్ రాసిన ‘ఆంటిగొనీ’ నాటకంలో కోరస్, అంటే పాటలు పాడే బృందం, మనిషి గొప్పతనాన్ని కీర్తిస్తుంది.

వాస్తవం: ‘డెయ్నోస్ అయినవి ఎన్నో ఉన్నాయి, మనిషిని మించింది ఏదీ లేదు’ అని 332వ పంక్తిలో పాట మొదలవుతుంది. చాలా అనువాదాల్లో ఇది ‘అద్భుతం’ అయిపోతుంది. సరిగ్గా తొమ్మిది పంక్తుల ముందు, 323లో, కాపలావాడు రాజు క్రెయోన్‌తో ఏమన్నాడో చూడండి: తీర్పు చెప్పేవాడే పొరబడితే అది డెయ్నోస్ అన్నాడు. అక్కడ అద్భుతం అనగలమా? ఏథెన్స్ ప్రేక్షకుల చెవిలో ఆ మాట ఇంకా మోగుతుండగానే కోరస్ దాన్ని అందుకుంది. ఓడ నడిపాడు, నేల దున్నాడు, రోగాలకు మందు కనిపెట్టాడు, చావుకు మాత్రం దారి దొరకలేదు; ఆ నేర్పుతోనే ఒకసారి చెడుకు, ఒకసారి మంచికి వెళ్తాడు అని పాట ముగింపుకొస్తుంది. అందుకే నేను ‘అసాధ్యుడు’ అంటాను. మనం ఎవరినైనా అసాధ్యుడు అన్నప్పుడు మెచ్చుకోలు ఉంటుంది, జాగ్రత్తా ఉంటుంది.

అపోహ: నిఘంటువు చూసి నచ్చిన అర్థం వేసుకోవచ్చు.

వాస్తవం: వాక్యమే చాలావరకు తేల్చేస్తుంది. పక్కన ‘లెగెయ్న్’, అంటే మాట్లాడటం, చేరితే అది మాటల్లో దిట్ట. క్రీ.పూ. 399 నాటి విచారణలో ‘సోక్రటీస్ అలాంటివాడు, మోసపోకండి’ అని ఫిర్యాదుదారులు న్యాయనిర్ణేతలను హెచ్చరించినట్టు ప్లేటో రాశాడు. నిజం చెప్పేవాణ్ణి వాళ్లు అలా పిలుస్తుంటే ఒప్పుకుంటానని సోక్రటీస్ జవాబు.